స్కానర్ 3,140 లోపాలు చూపిస్తోంది, మేము ఇద్దరమే. ముందు ఏ ప్యాచ్ వేయాలి?

రెండోషిఫ్టు (ప్రశ్న)

నమస్కారమండీ. మా సంస్థలో సర్వర్లు, నెట్‌వర్క్ పరికరాలు అన్నీ కలిపి 420 దాకా ఉన్నాయి. వాటికి ప్యాచ్‌లు, అంటే లోపాలను సరిచేసే సాఫ్ట్‌వేర్ సవరణలు వేసేది మేము ఇద్దరం. రెండో ఆయనకు బ్యాకప్‌ల పనితోనే సగం రోజు గడిచిపోతుంది. రెండు వారాల క్రితం మాకు భద్రతా లోపాలను వెతికే కొత్త స్కానర్ వచ్చింది. మొదటిసారి నడిపితే 3,140 వరుసల నివేదిక ఇచ్చింది. అందులో ఎర్ర రంగులో 'క్రిటికల్' అని ఉన్నవే 286.

సోమవారం సమావేశంలో మా మేనేజరు గారు ఆ ఎర్రంకె చూశారు. నెలాఖరుకల్లా అది సున్నా కావాలన్నారు. ఆయనను తప్పుపట్టను. తెర నిండా అంత ఎరుపు కనిపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. అప్పటి నుంచి నేను పదికి పది తీవ్రత స్కోరు ఉన్నవాటితో మొదలుపెట్టి ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాను.

నిన్న రాత్రి ఒక చోట ఆగిపోయాను. 9.8 స్కోరున్న ఒక లోపం మీద మూడు గంటలు పెట్టాను. తీరా చూస్తే అది ఉన్నది ఇంటర్నెట్‌తో ఏ సంబంధమూ లేని ఒక పరీక్ష సర్వర్‌లో. దానిలోకి లాగిన్ అయ్యేది మా ఇద్దరమే. ఆ పని ముగించి జాబితా కిందికి జరుపుతుంటే 312వ వరుసలో 7.5 స్కోరుతో ఇంకో లోపం కనిపించింది. దాన్ని దాడుల్లో వాడుతున్నారని నాలుగు రోజుల క్రితమే చదివిన గుర్తు. ఆ లోపం ఉన్నది ఉద్యోగులు బయటి నుంచి లోపలికి వచ్చే రిమోట్ యాక్సెస్ పరికరంలో. అంటే ప్రపంచంలో ఎవరైనా దాని తలుపు తట్టవచ్చు.

స్కోరు ప్రకారం దాని వంతు రావడానికి నాకు ఇంకా రెండు వారాలు పడుతుంది. ఈ క్రమంలో ఎక్కడో పెద్ద తప్పు ఉందని అనిపిస్తోంది కానీ, మేనేజరు గారికి చెప్పేందుకు నా దగ్గర సరైన మాట లేదు. పైగా అప్లికేషన్ల బృందం నెలలో రెండో ఆదివారం తప్ప రీబూట్‌కు ఒప్పుకోదు. మీరంతా దేన్ని బట్టి వరుస నిర్ణయిస్తారు?

లాగ్‌చదువరి

ముందు ఆ 312వ వరుస పరికరం సంగతి చూడండి. ఈ జవాబు తర్వాత చదవవచ్చు.

చూశారనుకుని చెబుతున్నాను. మీకు కలిగిన అనుమానం సరైనదే. మీ స్కానర్ చూపించే స్కోరు, అంటే సీవీఎస్ఎస్ మూల స్కోరు, రెండు ప్రశ్నలకే జవాబిస్తుంది: ఈ లోపాన్ని వాడుకోవడం ఎంత తేలిక, వాడుకుంటే ఎంత నష్టం జరగగలదు? ఎవరైనా నిజంగా వాడుకుంటున్నారా, ఆ యంత్రం మీ దగ్గర ఎక్కడ ఉంది అన్నవి ఆ అంకెలో ఉండవు. 2022 డిసెంబరులో, అపాయకర ఫైళ్ల గురించి హెచ్చరించే విండోస్ స్మార్ట్‌స్క్రీన్‌లో సీవీఈ-2022-44698 అనే లోపం బయటపడింది (సీవీఈ అంటే బయటపడిన లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య). స్కోరు 5.4. మీ జాబితాలో అయితే పసుపు రంగులో ఎక్కడో అడుగున ఉండేది. ప్యాచ్ విడుదలయ్యే నాటికే దాన్ని దాడుల్లో వాడుతున్నారు.

మీకు కావలసిన మొదటి జల్లెడ కేఈవీ, అంటే దాడుల్లో వాడినట్టు తెలిసిన లోపాల జాబితా. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సిసా 2021 నవంబరులో దీన్ని మొదలుపెట్టింది. దాడుల్లో వాడినట్టు నమ్మదగిన ఆధారం ఉన్న లోపాలే అందులోకి వస్తాయి. సీవీఈ సంఖ్య ఉండాలి, సరిచేసే మార్గం స్పష్టంగా ఉండాలి. ఎవరో నమూనా కోడ్ రాసి బయట పెట్టారనో, ఎవరో ఇంటర్నెట్ అంతా స్కాన్ చేస్తున్నారనో చేర్చరు. అందుకే అది పొట్టిగా ఉంటుంది. 2024 ఒక్క ఏడాదిలోనే సుమారు 40 వేల సీవీఈలు వెలువడ్డాయి. కేఈవీ మొదలైన దగ్గర నుంచి అన్నీ కలిపినా అందులో పదో వంతు కూడా లేవు. ఇద్దరు మనుషులు చేయగలిగిన పని ఆ జాబితాలోనే ఉంది.

అది సీఎస్‌వీ, జేసన్ ఫైళ్లుగా ఉచితంగా దొరుకుతుంది. మీ నివేదికలోని సీవీఈ సంఖ్యలను దానితో సరిపోల్చండి. పది వరుసల స్క్రిప్టు చాలు. ప్రతి నమోదుకూ ఒక గడువు తేదీ ఉంటుంది. ఆ గడువు అమెరికా కేంద్ర ప్రభుత్వ పౌర విభాగాలకే తప్పనిసరి. అయినా మన సంస్థల్లో పెట్టుకోవడానికి అంతకన్నా మంచి కొలత నాకు దొరకలేదు. మొదట్లో కొత్త లోపాలకు రెండు వారాలు ఇచ్చేవారు. పరిస్థితిని బట్టి అది కుదించుకుపోతుంది. 2025 జులైలో సిట్రిక్స్ నెట్‌స్కేలర్ పరికరాల్లోని సీవీఈ-2025-5777ను చేర్చినప్పుడు ఒక్క రోజే గడువు ఇచ్చారు. మీ మేనేజరు గారికి ఈ ఒక్కటి చూపించండి. ఒక ప్రభుత్వం తన విభాగాలకు 'రేపటికల్లా' అని చెప్పవలసి వచ్చిందంటే ఎందుకో ఆయనకు మళ్లీ వివరించనక్కర్లేదు.

డేటాకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలు వాడాయా లేదా అని అందులో ఒక గడి కూడా ఉంటుంది. 'తెలిసింది' అని ఉంటే ముందుకు జరపండి. 'తెలియదు' అని ఉంటే అది 'లేదు' అని అర్థం చేసుకోకండి.

రెండో జల్లెడ మీరే అన్నారు: ప్రపంచంలో ఎవరైనా తలుపు తట్టగలరా? కేఈవీలో ఉండి, బయటి నుంచి అందుబాటులో ఉన్నవి ఈ రోజు పని. కేఈవీలో ఉండి లోపలున్నవి ఈ వారం పని. మిగతా ఎరుపంతా మామూలు నెలవారీ పని. ఈ మూడో భాగానికి వరుస కావాలంటే ఈపీఎస్ఎస్ చూడండి. వచ్చే 30 రోజుల్లో ఒక లోపాన్ని ఎవరైనా వాడే అవకాశం ఎంతో సున్నా నుంచి ఒకటి మధ్య అంకెగా చెబుతుంది, రోజూ మారుతుంది. అది అంచనా మాత్రమే. వాడుతున్నారని ఆధారం ఉన్నప్పుడు అంచనాతో పనిలేదు.

ఇప్పుడు నేను ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానో చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన చోట మేమూ మీలాగే పైనుంచి కిందికి దిగాం. మా రిమోట్ యాక్సెస్ పరికరానికి శుక్రవారం ప్యాచ్ వచ్చింది. మంగళవారానికి దాడుల వార్త వచ్చింది. స్కోరు ఏడు పైచిలుకు. అంతకన్నా 'పెద్దవి' వరుసలో ఉన్నాయి కాబట్టి దాన్ని ఆదివారం రాత్రికి పెట్టుకున్నాం. ఆదివారం అనుకున్న సమయానికే వేశాం. స్కానర్ మళ్లీ నడిపితే ఆ వరుస ఆకుపచ్చగా మారింది. అందరం నిశ్చింతగా ఇంటికి వెళ్లాం.

బుధవారం నేను వేరే పని మీద ఆ పరికరం లాగ్‌లు, అంటే జరిగినవన్నీ అది రాసుకునే నమోదులు, తిరగేస్తున్నాను. అందులో ప్రతి ఉద్యోగి ప్రవేశానికీ మూడు వరుసలు పడతాయి. మొదటిది పేరు, రెండోది పాస్‌వర్డ్, ఫోనుకు వచ్చే కోడ్ సరిపోయాయన్న మాట, మూడోది సెషన్ మొదలైందన్నది. పేజీల కొద్దీ అదే లయ: మూడు, మూడు, మూడు. శనివారం తెల్లవారుజామున 3:17 దగ్గర ఆ లయ తప్పింది. అక్కడ మూడో వరుస ఒక్కటే ఉంది. పేరు లేదు, పాస్‌వర్డ్ లేదు, సెషన్ మాత్రం నడుస్తోంది. అది ఎవరి సెషన్ అని చూస్తే ఆ ఉద్యోగిని అప్పటికి వారం రోజులుగా సెలవులో ఉన్నారు. ఆమె బయలుదేరే ముందు తెరిచి వదిలేసిన సెషన్‌ను ఎవరో ఎత్తుకుపోయారు.

నా చేతులు చల్లబడింది ఆ వరుస చూసినప్పుడు కాదు. 'ప్రస్తుతం నడుస్తున్న సెషన్లు' అన్న పేజీ తెరిచినప్పుడు. అది ఇంకా అక్కడే ఉంది. ఆదివారం మేము వేసిన ప్యాచ్ కొత్తగా ఎవరూ దొంగిలించకుండా ఆపింది. శనివారమే లోపలికి వచ్చినవాడిని కదిలించలేదు. వాడు ఎక్కడెక్కడ తిరిగాడో తెలుసుకోవడానికి మాకు 11 రోజులు పట్టింది.

ఆ తర్వాత 2023 అక్టోబరులో సిట్రిక్స్ బ్లీడ్, అంటే సీవీఈ-2023-4966 వచ్చినప్పుడు నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది. సిట్రిక్స్ రిమోట్ యాక్సెస్ పరికరం మెమరీ నుంచి సెషన్ టోకెన్లు, అంటే లాగిన్ అయినవారికి అది ఇచ్చే తాత్కాలిక గుర్తులు, కారిపోయేవి. టోకెన్ చేతికి వస్తే పాస్‌వర్డూ అక్కర్లేదు, రెండో అంచె ధ్రువీకరణా అక్కర్లేదు. అక్టోబరు 10న ప్యాచ్ వచ్చింది. దాడులు ఆగస్టు చివరి నుంచే జరుగుతున్నాయని వారం తర్వాత తేలింది. ప్యాచ్ వేశాక నడుస్తున్న సెషన్లన్నీ తెంచాలని తయారీదారే విడిగా చెప్పవలసి వచ్చింది. 2021 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్లదీ ఇదే కథ. ప్యాచ్ వేసినా, అంతకుముందే లోపల పెట్టిన వెబ్‌షెల్, అంటే దొంగదారి ప్రోగ్రామ్, అలాగే ఉండిపోయింది.

కాబట్టి మీ పట్టికలో కేఈవీ లోపాలకు ఒక గడి అదనంగా పెట్టండి: 'ప్యాచ్‌కు ముందు ఎవరైనా వచ్చారా?' ఆ గడి నిండే దాకా ఆ వరుసను మూయకండి. వార్త తెలిసిన రోజుకూ ప్యాచ్ వేసిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు తెరిచి ఉందో, అన్ని రోజుల లాగ్‌లు చదవాలి. అది విసుగు పుట్టించే పని. ఇద్దరున్న చోట ఇంకా కష్టం. అయినా దాన్ని వదిలేసి 9.8 వెంట పడవద్దని బతిమాలుతున్నాను.

సర్వర్‌కాపలా

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. నేను అవతలి పక్కన, అంటే రీబూట్‌కు ఒప్పుకోని బృందంలో తొమ్మిదేళ్లు ఉన్నాను. వాళ్ల మాట కూడా ఇక్కడ వినిపించాలి.

మేము మొండికేసింది భద్రత పట్టక కాదు. ఎప్పుడో ఒకసారి ప్యాచ్ వేశాక డేటాబేస్ లేవలేదు, ఆ రాత్రంతా సమాధానం చెప్పుకొన్నది మేము. ఆ భయం పోవాలంటే 'ఇది అత్యవసరం' అన్న మాట సరిపోదు. వాళ్లు ప్రతి నెలా ఆ మాట వింటున్నారు. నెలకు 286 అత్యవసరాలు పట్టుకెళితే ఏదీ అత్యవసరంగా కనిపించదు. నాలుగు పట్టుకెళ్లి, ఈ నాలుగింటినీ దాడుల్లో వాడుతున్నారు, ఆధారం ఇది, వెనక్కి తిప్పే దారి ఇది అని చెబితే మేము కాదనలేదు. స్నాప్‌షాట్, అంటే సర్వర్ అప్పటి స్థితి నకలు, తీసి, ముందు ఒకే రకం సర్వర్లలో రెండింటికి వేసి, గంట ఆగి, తర్వాత మిగతావాటికి వెళ్లండి. ఆ గంట వృథా కాదు.

ఇంకో సంగతి. ముందుగానే, ఏ గొడవా లేని రోజున, వాళ్లతో కూర్చుని ఒక కాగితం రాసుకోండి: కేఈవీలో ఉండి బయటికి తెరిచి ఉన్న యంత్రమైతే రెండో ఆదివారం నియమం వర్తించదు, ఫలానా వ్యక్తి ఫోనులో ఒప్పుకుంటే చాలు. రాత్రి పదింటికి మొదలుపెట్టే చర్చ తెల్లవారినా తేలదు.

ప్యాచ్ వేయలేని రోజు ఏం చేయాలన్నది మాత్రం లాగ్‌చదువరి గారు ముట్టుకోలేదు. కొన్నిసార్లు ప్యాచే ఉండదు. 2024 జనవరిలో ఇవాంటీ వీపీఎన్ పరికరాల రెండు లోపాలు బయటపడినప్పుడు మొదటి ప్యాచ్‌లు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ నెలాఖరున సిసా తన పరిధిలోని విభాగాలను ఆ పరికరాలను నెట్‌వర్క్ నుంచే తీసేయమంది. తీసేయడం కూడా ఒక మార్గమేనని నాకు అప్పుడు బాగా తలకెక్కింది. అంత దూరం పోనక్కర్లేకపోతే, లోపమున్న సదుపాయాన్ని ఆపండి, నిర్వహణ పేజీని లోపలి చిరునామాలకే పరిమితం చేయండి.

కానీ తాత్కాలిక ఉపాయాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. అదే ఏడాది ఏప్రిల్‌లో పాలో ఆల్టో ఫైర్‌వాల్‌లలో సీవీఈ-2024-3400 వచ్చింది. టెలిమెట్రీ, అంటే తయారీదారుకు సమాచారం పంపే సదుపాయం, ఆపితే చాలని మొదట చెప్పారు. కొద్ది రోజులకే అది పనిచేయదని సవరించుకున్నారు. మొదటి సూచన చదివి పని అయిపోయిందనుకున్నవారు తెరిచిన తలుపుతోనే ఉన్నారు. తాత్కాలికంగా ఏదైనా చేస్తే, తయారీదారు ప్రకటనను రోజూ మళ్లీ తెరిచి చూసే బాధ్యత ఒకరి పేరు మీద రాయండి.

లాగ్‌చదువరి

సర్వర్‌కాపలా గారూ, నేను వదిలేసిన చోటే పట్టుకున్నారు, ధన్యవాదాలు. గంట ఆగడం దగ్గర మాత్రం చిన్న తేడా ఉంది. డేటాబేస్ సర్వర్‌కైతే ఆగుదాం. బయటి అంచున ఉన్న పరికరానికి, దాడులు నడుస్తున్న రోజున, నేను ఆగను. అది ఒక గంట పనిచేయకపోతే ఉద్యోగులకు ఇబ్బంది. వేరేవాళ్ల చేతిలో ఒక గంట ఉంటే సంస్థకే ముప్పు. ఆ రెండు ఇబ్బందులనూ ఒకే తక్కెడలో పెట్టలేం.

ప్రశ్న అడిగినవారికి ఇంకొక్క మాట. మీ 420 అన్న లెక్క ఎక్కడిది? స్కానర్ చెప్పిందా, మీరు లెక్కపెట్టారా? 2017లో అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్‌లో జరిగింది చదవండి. వాళ్లు వాడే అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్‌కు మార్చి 7న ప్యాచ్ వచ్చింది. 48 గంటల్లో వేయాలని లోపల మెయిల్ వెళ్లింది. వారం తర్వాత స్కాన్ కూడా చేశారు, లోపమున్న సర్వర్ స్కాన్‌కు చిక్కలేదు. మే నెలలో దాడి చేసినవారికి చిక్కింది. సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. వరుస సరిగ్గానే పెట్టారు, తొందర కూడా పడ్డారు. తమ దగ్గర ఏమేం ఉన్నాయో పూర్తి జాబితాయే లేదు.

రెండోషిఫ్టు

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మూడు రోజుల్లో ఏమైందో రాస్తున్నాను.

ఆ రోజు మొదటి వాక్యం చదివి అక్కడే ఆపేశాను. సర్వర్‌కాపలా గారు చెప్పిన కాగితం మా దగ్గర లేదు కాబట్టి అప్లికేషన్ల బృందం నాయకురాలికి నేరుగా ఫోను చేశాను. 'దాడుల్లో వాడుతున్నారు, ఆధారం పంపిస్తున్నాను' అన్నాను. ఆవిడ చదివి, ఎన్ని నిమిషాలు ఆగుతుందని మాత్రమే అడిగారు. రాత్రి 11:50కి ప్యాచ్ పడింది. 12:40కి సెషన్లన్నీ తెంచాం. మరుసటి ఉదయం 60 మంది ఫోను చేసి మళ్లీ లాగిన్ ఎందుకు అడుగుతోందన్నారు. ప్రతి ఒక్కరికీ ఓపికగా చెప్పాం.

తర్వాత కేఈవీతో సరిపోల్చాను. 3,140 వరుసలు 37కి వచ్చాయి. వాటిలో బయటికి తెరిచి ఉన్నవి 6. ఆ ఆరింటిలో అయిదు నా పాత వరుసలో రెండో వందకు అవతలే ఉన్నాయి. ఆరూ నిన్నటితో పూర్తయ్యాయి. లోపలివి 31, ఈ శనివారం మొదలుపెడతాం.

420 ఎక్కడిదన్న ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఫైర్‌వాల్‌లో బయటి నుంచి లోపలికి అనుమతించిన చిరునామాలన్నీ రాసుకుని, నా జాబితా పక్కన పెట్టి ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. రెండు మిగిలాయి. ఒకటి ఎప్పుడో ఆపేశామనుకున్న ఫైల్ బదిలీ సర్వర్. అది నడుస్తూనే ఉంది. దాని మీద ఎవరి పేరూ లేదు. రెండోది ఒక సరఫరాదారు పెట్టిన పరికరం. మొదటిదాని కేబుల్ నేనే వెళ్లి తీసేశాను. రెండోదాని గురించి వాళ్లకు రాశాను.

మేనేజరు గారితో నిన్న మాట్లాడాను. ఎర్రంకె పక్కన పెట్టి, 'దాడుల్లో వాడుతున్న లోపం మన దగ్గర ఎన్ని రోజులు తెరిచి ఉంది' అన్న ఒక్క అంకె చూపించాను. రిమోట్ యాక్సెస్ పరికరానికి అది 9. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఇకపై ప్రతి సోమవారం ఆ అంకే ముందు చూస్తానన్నారు.

ఇప్పుడు ఆ తొమ్మిది రోజుల లాగ్‌లు చదువుతున్నాను. నాలుగో రోజు దాకా మూడేసి వరుసల లయ తప్పలేదు. కానీ ఆ పరికరం ఎనిమిది రోజుల లాగ్‌లే దాచుకుంటోంది. మొదటి నాలుగు రోజులవి బ్యాకప్‌లో దొరికాయి, మిగతావి పరికరం మీదే ఉన్నాయి. ఈలోగా వాటి మీద కొత్తవి రాసుకుపోతుందేమోనని భయంగా ఉంది. ముందు ఏం చేయాలి?

లాగ్‌చదువరి

చదవడం ఆపి, ముందు కాపీ తీయండి. పరికరం మీదున్న లాగ్‌లన్నీ ఇప్పుడే వేరే సర్వర్‌కు తీసుకుని, ఆ కాపీని ఎవరూ మార్చలేని చోట పెట్టండి. కాపీ అయ్యేదాకా పరికరాన్ని రీబూట్ చేయకండి. ఈ రోజు నుంచి పడే లాగ్‌లు కూడా నేరుగా ఆ సర్వర్‌కే వెళ్లేలా అమర్చండి, అది పావుగంట పని. తర్వాత అయిదో రోజు నుంచి మొదలుపెట్టండి. నిర్వాహక ఖాతాల జాబితా కూడా ఒకసారి తెరిచి, ఆ తొమ్మిది రోజుల్లో కొత్త పేరు ఏదైనా చేరిందేమో చూడండి. లయ తప్పిన వరుస కనిపిస్తే, ఎంత రాత్రయినా సరే, ఇక్కడ రాయండి. నేను మేలుకునే ఉంటాను.